చెక్ ట్రే

రాత్రి రెండింటికి ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతుంటే
గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకునేవాణ్ణి.
రొమ్ము ఎముక కింద, బొడ్డుకి పైన,
అరచెయ్యంత చోట
ఎవరో ఊకపొయ్యి రాజేసినట్టు.
నాలుగు బిస్కెట్లు నమిలితే చల్లారేది.
గంటన్నర.
మళ్ళీ మొదలు.

ఆకలే అనుకున్నాను.
తర్వాత కారం అనుకున్నాను.
మార్తమ్మ కూర మీద మూడు నెలలు నేరం మోపాను.
ఆవిడ మిరపకాయ మానేసింది,
మంట మానలేదు.

మోకాలిది వేరే కథ.
మేత బస్తాలు మోసి మోసి అరిగింది.
సెంటర్లో ఆరెంపీ గారు ఎర్ర బిళ్ళ ఇచ్చేవారు.
పరగడుపునే ఒకటి, పైన టీ.
కింద మోకాలు నవ్వుతుంటే
పైన కడుపు ఏడుస్తోందని
రెంటినీ కలిపి ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

నాకు చూడ్డం రాక కాదు.
చెక్ ట్రే ఎత్తి
రొయ్యని దీపానికి అడ్డంగా పట్టుకుంటే
గాజు ఒంట్లోంచి పేగు కనపడుతుంది, నల్లదారంలా.
నిండిందా, తెగిందా, తెల్లబారిందా
ఒక్క చూపుకి చెప్పేస్తాను.
రెట్ట రంగు మారితే
ఎంత రాత్రైనా కామందుకి ఫోను చెయ్యాలి, అదీ రూలు.
పది నిమిషాల్లో బండి మీద దిగిపోతాడు,
నిక్కరు మీదే.

ఆ నెలలో లుంగీ ఇంకో మడత బిగించాల్సొచ్చింది.
రెండు ముద్దలకే చాలనిపించేది.
"సన్నబడ్డావురా ఏసుపాదం, పెళ్ళికొడుకులా ఉన్నావు"
అన్నవాళ్ళకి టీ కూడా పోయించాను.

ఆ తెల్లారుగట్ల, పంటబోదె అవతల,
లేస్తూ వెనక్కి చూశాను.
రోడ్డుకేసే తారు.
నల్లగా, జిగురుగా, వాసనే వేరు.
ఐరన్ బిళ్ళలు వేసుకున్నది లేదు,
నేరేడుపళ్ళ కాలమూ కాదు.
నిలబడితే ఉప్పుటేరు పక్కకి ఒరిగింది,
దాంతోపాటు కొబ్బరిచెట్లూ.

రూలు గుర్తొచ్చింది.
రంగు మారితే ఫోను చెయ్యాలి.
సరే, ఎవరికి?
నాకు కామందెవరు?

మార్తమ్మకి చేశాను. సిగ్గేసింది.
"దొడ్డికెళ్తే నల్లగా..." అన్నానో లేదో
ఆటో మాట్లాడేసింది.
టిఫిను తిని వెళ్దామంటే
తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

భీమవరం ఆసుపత్రిలో డాక్టరమ్మ
కనురెప్ప కిందకి లాగి చూసి
కుర్చీలోంచి లేచింది.
గొట్టం దింపారు.
తెర మీద నా కడుపు, తడితడిగా ఓ గుహ,
నడుమ పావలా బిళ్ళంత పుండు,
అంచున నెత్తురు.
నలభై ఆరేళ్ళకి
నన్నూ ఒకళ్ళు దీపానికి అడ్డంగా పట్టుకుని చూశారు.

"కాఫీపొడిలా వాంతైందా? కడుపు బల్లలా బిగిసిందా?"
"లేదండి."
"అయ్యేదాకా ఆగేవాడివే" అంది, కోపంగా.
"మంటైతే ఇన్ని నెలలు ఓర్చుకోకూడదు,
నలుపైతే ఒక్క పూట కూడా."

రెండు సంచుల రక్తం ఎక్కింది.
కంటికి కనపడని పురుగు కూడా ఉందట లోపల.
పద్నాలుగు రోజులు మందు, ఒక్క పూట తప్పకూడదు.
ఆ మాట నాకు చెప్పక్కర్లేదు,
సగం డోసు పడిన చెరువు ఏమైందో చూసినవాణ్ణి.
ఎర్ర బిళ్ళల అట్ట మార్తమ్మ పొయ్యిలో పడేసింది.
మోకాలు మళ్ళీ ఏడుస్తోంది. ఏడవనీ,
దాని సంగతి డాక్టరమ్మనే అడుగుతాను.

ఇప్పుడూ ఇదే గట్టు. పదింటికి క్యారేజీ విప్పుతాను,
మేత వేళ రొయ్యకే కాదు కదా.
అవతలి చెరువు కాపలా లోవరాజు
సోడా కొట్టి, వంగి, కడుపు నొక్కుకుంటున్నాడు.
టార్చి వేశాను.
"ఒరే, రంగు చూసుకున్నావా?"
"రొయ్యదా?" అని అరిచాడు.
ఏరియేటర్ల మోతలో
"నీదిరా" అన్నది వినపడలేదు లాగుంది.
చెప్పులు చేత్తో పట్టుకుని
గట్టు చుట్టి నడుస్తున్నాను.